ఎల్మర్ పోసిన గేర్ ఆయిల్

ఎల్మర్ స్కోగెన్ తన జీవితంలో ఎవరికీ అడిగిన వెంటనే గేర్ ఆయిల్ ఇవ్వలేదు. మొంటానా కొండల కింద మా ఊళ్లో బండి సామాన్ల కొట్టు ఆయనదొక్కటే. పికప్ ట్రక్కు ఉన్నవాళ్లంతా, అంటే పసిపిల్లలు తప్ప ఊరంతా, ఆయన విచారణకి నిలబడాల్సిందే.

"వెనక డిఫరెన్షియల్‌కి ఆయిల్ ఇవ్వు, ఎల్మర్."

"ఏం లాగుతావు?"

"గుర్రాల ట్రైలర్."

"ఎన్ని గుర్రాలు? లావువా, సన్నవా?"

"నేనొచ్చింది ఆయిల్‌కయ్యా, గుర్రాలకి కోట్లు కుట్టించడానికి కాదు!"

"కొండెక్కేటప్పుడు బరువు మోసేది నీ నాలుక కాదు, డిఫరెన్షియల్‌లో వెనక చక్రాల్ని తిప్పే పళ్లచక్రాలు. చిక్కటిది తీసుకో."

మా పాస్టర్‌ని కూడా వదల్లేదు. ఆయన ఒకసారి డిఫరెన్షియల్ కింది బిరడా విప్పి పాత ఆయిలంతా పారబోశాడు. తీరా చూస్తే, కొత్తది పోయాల్సిన పై బిరడా తుప్పుపట్టి కదల్లేదు. బండి చర్చి ముందే మూడు రోజులు పడుంది.

"పైది ఊడుతుందో లేదో చూడకుండా కిందిది విప్పారా?"

"ఊడుతుందని నమ్మాను, ఎల్మర్."

"దేవుణ్ణి నమ్మండి. బిరడాని నమ్మకండి."

కొన్ని పికప్‌ల డిఫరెన్షియల్‌లో, బురదలో చక్రాలు రెండూ కలిసి లాగడానికి, చిన్న క్లచ్చులుంటాయి. వాటికి ఆయిల్‌తోపాటు ఓ చిన్న సీసా మందు కలపాలి. తర్వాత, మందు క్లచ్చులకి పట్టి వాటి వణుకు పోయేదాకా, మైదానంలో నెమ్మదిగా పదిసార్లు ఎనిమిది అంకె గీసినట్టు బండి తిప్పాలి. అవి లేని బండివాడు మందు అడిగితే, ఎల్మర్ సీసా చేతిలోంచి లాక్కునేవాడు. "నిమ్మరసం కూడా పొయ్యకపోయావా! ఆయిల్ విషయంలో అబద్ధాలు నేను సహించను" అనేవాడు.

కిందటేడు వసంతం మొదట్లో నా భర్త రస్సెల్ చనిపోయాడు. ఆవుల మంద మిగిలింది. పికప్ మిగిలింది. ట్రైలర్ తగిలించి నడపడం మాత్రం నాకు రాదు. మరిది వెర్న్ వారానికోసారి వచ్చేవాడు.

"అక్టోబర్‌లో దూడల్ని కనుమ దాటించి సంతకెలా చేరుస్తావు వదినా? మందని నాకు అమ్మేయ్."

గోడమీది క్యాలెండర్‌లో, ఏప్రిల్ గడిలో, రస్సెల్ 'ఆయిల్' అని రాసుకున్నాడు. రాసుంది కదా అని బండి తీసుకెళ్లాను. ఎల్మర్ విచారణ మామూలే. నా జవాబులన్నీ "తెలీదు" అనే. చివరికి బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"క్లచ్చుల రకం. మందు పోశాను, మిగిలింది డాష్‌బోర్డు పెట్టెలో ఉంది, ముట్టుకోకు. ఇక ఎనిమిదులు తిప్పాలి. పక్కన కూర్చుని నేను వినాలి."

చర్చి మైదానంలో తిప్పాను.

"వణుకు తగ్గలేదు. వచ్చే శనివారం మళ్లీ రా."

"నాకేం వినిపించట్లేదే?"

"నీ చెవులింకా కొత్త."

మే నెలలో, ఆయిల్‌కి బరువు అలవాటు కావాలని ట్రైలర్ తగిలించమన్నాడు. జూలైలో, ఆయిల్‌కి వెనక్కి నడవడం కూడా రావాలన్నాడు. బండి వెనక్కి నడిపాను. ఫెళ్లుమంది.

"ఇదేనా మీ వణుకు?"

"ఇది పాస్టర్ గారి పోస్టు డబ్బా. మళ్లీ తిప్పు."

సెప్టెంబర్ ఆఖరి శనివారం ఎల్మర్ కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. "ఆయిల్ తయారైంది" అన్నాడు.

అక్టోబర్‌లో దూడలన్నిటినీ మూడు విడతలుగా కనుమ దాటించాను. సంత గేటు దగ్గర, వెర్న్ చూస్తుండగా, ట్రైలర్‌ని ఒక్క ఊపులో వెనక్కి పెట్టాను. అతను టోపీ సర్దుకుని తన బండి వైపు నడిచాడు. మంద మాట మళ్లీ ఎత్తలేదు.

జనవరిలో ఎల్మర్ పోయాడు. మొన్న ఏప్రిల్‌లో, ఆయన కొట్టు తీసుకున్న కర్టిస్ దగ్గరికి నా బండి తీసుకెళ్లాను. మందు కూడా పొయ్యమన్నాను. కర్టిస్ వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, ఒకదాన్ని చేత్తో ముందుకి తిప్పాడు. రెండోది వెనక్కి తిరిగింది.

"చూశారా? క్లచ్చులుంటే రెండూ ఒకే వైపు తిరగాలండీ. ఇది మామూలు రకం. మందూ అక్కర్లేదు, ఎనిమిదులూ అక్కర్లేదు. మీకెవరు చెప్పారోగానీ వాళ్లకి డిఫరెన్షియల్ ఓనమాలు తెలీవు."

డాష్‌బోర్డు పెట్టె తెరిచాను. చిన్న సీసా ఉంది. సీలు తియ్యలేదు.

"అవును. ఆయనకేమీ తెలీదు" అన్నాను.

అక్కణ్ణించి తిన్నగా చర్చి మైదానానికి వెళ్లి ఎనిమిదులు మొదలుపెట్టాను. మూడోది తిప్పుతుండగా పాస్టర్ బయటికొచ్చి, నాకు చెయ్యూపి, తన పోస్టు డబ్బాని పాతిన కర్రతో సహా పెరుక్కుని లోపలికి పట్టుకెళ్లాడు.