జెట్ విమానానికి గుడ్డ కోసిన విధం

కరోనా తర్వాత రెండో ఏడు, దీపావళి సెలవులు ముగిసి మగ్గాలు మళ్లీ తిరగడం మొదలైన వారంలో, సూరత్ పాండేసరలోని ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో శాంపిల్ సెక్షన్ మాస్టరుగా ఉన్న నాకు జెట్ యుద్ధ విమానం ఒకటి తయారుచేసే బాధ్యత అప్పగించారు. పొడవు నలభై అయిదు అడుగులు. నా కింద సాంకేతిక సిబ్బంది పనిచేశారు.

ఆ కొలత అసలు విమానానిది. మేం చేసింది అందులో పదో వంతు నమూనా, నాలుగున్నర అడుగులు. సిబ్బంది ఇద్దరు. వారిలో ఒకరు ఆదివారాలు మాత్రమే వచ్చేవారు.

మా కార్ఖానాలో పైన సేఠ్, ఆయన కింద మేనేజరు, ఆ తర్వాత మాస్టర్లు, చివర మగ్గాలు నడిపే కారీగర్లు. మగ్గం చెడితే బాగుచేయడం, గుడ్డ ఎలా నేయాలో నిర్ణయించడం మాస్టరు పని. శాంపిల్ సెక్షన్ అన్నది పేరుకే సెక్షన్. ఉన్నది ఒకటే పాత మగ్గం. కొత్త రకం గుడ్డ ముందు దాని మీద పది మీటర్లు నేస్తాం. వ్యాపారి చూసి సరే అంటేనే పెద్ద షెడ్డులోని మగ్గాలకు ఎక్కిస్తాం. ఆ పాత మగ్గం నడిపేది మా సిరిసిల్ల వైపు మల్లేశం. అతని ఎడమ మోకాలు అరిగిపోయింది. శాంపిల్ మగ్గం దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. పెద్ద షెడ్డులో అయితే ఒక్కో కారీగరు పన్నెండు మగ్గాల మధ్య షిఫ్టంతా తిరుగుతూనే ఉండాలి.

మా సేఠ్ హస్ముఖ్ భాయ్ ఆ మగ్గాన్ని భంగార్‌కు, అంటే పాత ఇనుము కొనేవాడికి, అమ్మేద్దామనుకున్నారు. డిజైన్లన్నీ కంప్యూటర్‌లో కనిపిస్తున్నప్పుడు పది మీటర్లు నేసి చూపడం దండగ అన్నది ఆయన వాదన. అదే సమయంలో బట్టల ఎగ్జిబిషన్ ఒకటి దగ్గరపడింది. మేం కొత్తగా నేసిన పల్చటి పాలిస్టర్ గుడ్డ ఎంత తేలికో, ఎంత గట్టిదో జనానికి చూపాలి. సేఠ్ కొడుకు ఫోనులో ఎక్కడో రిమోట్‌తో ఎగిరే జెట్ చూశాడు. దానికి మన గుడ్డ తొడిగి ఎగరేసి, స్టాలులో వేలాడదీద్దామన్నాడు. సేఠ్‌కు నచ్చింది. విమానం ఎగిరితే శాంపిల్ మగ్గం ఉంటుంది, ఎగరకపోతే ఎగ్జిబిషన్ ముందటి సోమవారం భంగార్‌వాడు వస్తాడు అని తేల్చేశారు.

విమానాల సంగతి ఎవరికైనా తెలుసా అని సేఠ్ అడిగినప్పుడు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పనిచేశానని చెప్పాను. విమానాలకు దగ్గరగానా అన్నారు. చాలా దగ్గరగా అన్నాను.

నిజానికి చిన్నప్పుడు నాలుగు రోజులు ఎయిర్‌పోర్టు ప్రహరీకి సున్నం వేశాను. గోడకు అవతలి వైపు విమానాలు ఉన్న మాట వాస్తవమే.

నా సిబ్బందిలో రెండోవాడు పరేశ్. వరాఛాలో వజ్రాలు సానబట్టే మనిషి, ఆదివారాలు రిమోట్ విమానాలు ఎగరేస్తాడు. విమానానికి అస్థిపంజరం చేసింది అతనే. బాల్సా అని ఒక చెక్క ఉంటుంది. గోరు గుచ్చితే దిగుతుంది, చేతిలో ఉన్నా లేనట్టే ఉంటుంది. రెక్క పొడవునా ఒక సన్నని బద్ద వెన్నులా పోతుంది, దానికి అడ్డంగా పక్కటెముకలు అతుకుతారు. అసలు జెట్ ఇంధనం మండించి పోతుంది, మాదానిలో గొట్టం మధ్య బ్యాటరీతో తిరిగే ఫ్యాను కూర్చుంటుంది. పరేశ్‌కు బరువు అంటే ప్రాణం. వజ్రాలు తూచే కాటా తెచ్చి ఒక్కో పక్కటెముకనూ అందులో పెట్టేవాడు. "కాకా, ఇది పదకొండు క్యారెట్లు, పక్కది పదమూడు. విమానం ఒక పక్కకు ఒరుగుతుంది," అని ఆ రెండు క్యారెట్లు గరుకు కాగితంతో అరగదీసేవాడు. నేను పక్కన నిలబడి గంభీరంగా తల ఊపేవాణ్ణి.

మల్లేశం మాత్రం ఆ అస్థిపంజరం చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందన్నా, గిది ఇమానమా, పాడెనా? నలుగురం మొయ్యాల్నా?" అన్నాడు.

"నువ్వు గుడ్డ మంచిగ నెయ్యి, ఎగిరేది నేను జూస్కుంట," అన్నాను.

"ఎగురుడు నీకెర్కనా?"

"ఎయిర్‌పోర్టుల జేసిన."

"గోడకు సున్నమేసినవ్. నాతోనే జెప్పినవ్ గదనే!"

సేఠ్ ముందు ఈ మాట ఎత్తొద్దని అతనికి చాయ్ తాగించాను.

ఇక గుడ్డ తొడిగే పని, అది నాది. మగ్గం మీంచి దిగి ఇంకా వేడి తగలని గుడ్డను సూరత్‌లో గ్రే అంటారు. గ్రే పాలిస్టర్ వేడి తగిలితే ముడుచుకుంటుంది. చెక్కకు జిగురు రాసి, గుడ్డ అతికించి, పైన ఇస్త్రీ పెట్టె నడిపితే డప్పు తోలులా బిగుసుకుంటుంది. అయితే గుడ్డ అన్ని వైపులా ఒకేలా ముడవదు. నిలువు దారం పడుగు, అడ్డ దారం పేక. మా గుడ్డలో పడుగు నూలును మెలిపెట్టి ముందే ఆవిరి పట్టిస్తాం, అది ఇక పెద్దగా ముడవదు. పేక నూలుకు ఆ సంస్కారం లేదు, వేడికి బాగా కుంచించుకుంటుంది. ఈ సంగతి కొత్తగా వచ్చిన కారీగరుకు కూడా తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

కానీ కత్తెర పట్టినప్పటి నుంచి నేను పాటించిన మతం ఒక్కటే, చిందీ మిగల్చకపోవడం. చిందీ అంటే కోతలో మిగిలే పేలిక. జెట్ రెక్కలు వెనక్కి వాలి, కొసకు సన్నబడతాయి. పై ముక్కలను నిలువుగా, కింది ముక్కలను అడ్డంగా తిప్పి పెడితే గుడ్డలో ఒక్క పేలిక మిగలకుండా సరిపోయాయి. అంత చక్కటి కోత నా సర్వీసులో ఎన్నడూ కోయలేదు. పరేశ్‌ను పిలిచి మరీ ఖాళీ బల్ల చూపించాను.

ఇస్త్రీ చేసి, ముగ్గురం చాయ్ తాగి వచ్చేసరికి రెండు రెక్కల కొసలూ కిందికి వంగి ఉన్నాయి. వానలో తడిసిన కాకిలా ఉంది మా యుద్ధ విమానం. పరేశ్ నోటి వెంట గుజరాతీలో వచ్చిన మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

సరిగ్గా అప్పుడే సేఠ్ వచ్చారు. "యే క్యా హై, మాస్టర్?" అన్నారు.

గుడ్డ నేతలో లోపమని చెప్పాను. పేక దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పడిందని, మగ్గం పాతదైతే ఇలాగే అవుతుందని, హైదరాబాద్‌లో ఇలాంటి కేసులు చాలా చూశానని చెప్పాను. మల్లేశం అక్కడే ఉన్నాడు. సేఠ్ విని, ఫోను తీసి, భంగార్‌వాణ్ణి సోమవారం కాదు, శనివారమే రమ్మని చెబుతూ మెట్లు దిగారు.

మల్లేశం జేబులోంచి పిక్ గ్లాస్ తీశాడు. దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం అది. రెక్క పైన పెట్టి చూశాడు, తిరగేసి కింద పెట్టి చూశాడు.

"మాస్టరన్నా, జర గిటు రా. రెక్క పొడుగున మీద పడుగు, కింద పేక. కిందిది గుంజితే రెక్క వంగక ఏంజేస్తది?"

చూశాను. చూడకముందే అర్థమైంది.

"సేఠ్ ముంగట ఎందుకు జెప్పలె?" అన్నాను.

"నువ్వు మాస్టర్‌వి. నువ్వు జెప్పినంక కారీగర్ మాట ఎవ్వడింటడు?" అని మోకాలు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

నేను పరుగెత్తి సేఠ్‌ను కారు దగ్గర పట్టుకున్నాను. పరుగెత్తానంటే అతిశయం, వేగంగా నడిచాను. గుడ్డలో తప్పు లేదు, మగ్గంలో తప్పు లేదు, చిందీ మిగల్చకూడదని ముక్కలు అడ్డదిడ్డంగా కోసింది నేనని చెప్పాను. మొదలుపెట్టాక ఆగలేదు, సున్నం సంగతి కూడా చెప్పేశాను. "తో మైనే హవాయీ జహాజ్ చూనేవాలే కో దియా?" అన్నారు సేఠ్, విమానం పని సున్నం వేసేవాడికి అప్పగించానా అని. తర్వాత భంగార్‌వాడికి మళ్లీ ఫోను చేసి సోమవారానికే మార్చారు. నాతో చెప్పింది రెండే ముక్కలు: వచ్చే ఆదివారం ఎగరాలి, కత్తెర మాత్రం మల్లేశం పట్టాలి.

మల్లేశం పైనా కిందా ఒకే దిశలో కోశాడు. బల్ల నిండా చిందీ మిగిలింది. నాకు చూడబుద్ధి కాలేదు. రెక్కలు మాత్రం బద్దలా నిలిచాయి. పైన వార్నిష్ పూశాం, రెక్కల అడుగున సేఠ్ కోరిన ప్రకారం కార్ఖానా పేరు రాయించాం.

ఆదివారం బార్డోలీ వైపు, కోత అయిపోయిన ఒక చెరకు పొలంలో ఎగరేశాం. పరేశ్ చేతిలో రిమోట్, సేఠ్ కొడుకు చేతిలో ఫోను. విమానం నేల వదిలి ఆకాశంలో అయిదు చుట్లు కొట్టింది.

రెండు. రెండో చుట్టులో సేఠ్ తలెత్తి, రెక్క అడుగున పేరు కనిపించడం లేదని, ఇంకా కిందికి తెమ్మని అరిచారు. పరేశ్ తెచ్చాడు. "హజీ నీచే!" ఇంకా తెచ్చాడు. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ చదవడానికి అందడం లేదు, ఇంకా కిందికి అన్నారు. పక్కన కోయని చెరకు తోట ఉంది. విమానం పేరుతో సహా అందులోకి దూసుకుపోయింది.

మల్లేశం నేల మీద కూర్చుండిపోయాడు. "ఎగిరింది గదా సేఠ్, ఎగిరింది గదా," అని తెలుగులోనే అంటున్నాడు. సేఠ్ తోటలోకి దిగారు. మేం వెనకే వెళ్లాం. విమానం ఒక సంచిలా పడి ఉంది. ఎత్తితే లోపల బాల్సా అంతా నలిగి అటుకుల్లా గలగలలాడింది. ముక్కలైన చెక్క ఒక్కటీ బయటికి రాలేదు. గుడ్డ ఎక్కడా చిరగలేదు. సేఠ్ గోటితో గీకారు, రెండు చేతులా పట్టి లాగారు, చివరికి పళ్లతో కూడా ప్రయత్నించారు. తర్వాత భంగార్‌వాడికి ఫోను చేసి రావద్దన్నారు.

ఎగ్జిబిషన్‌లో ఆ సంచినే వేలాడదీశారు. విమానం విరిగింది, గుడ్డ చిరగలేదు అని పక్కన హిందీలో రాయించారు. వచ్చినవాళ్లు దాన్ని ఊపి, లోపలి చప్పుడు విని, గుడ్డ పట్టి చూసి వెళ్లేవారు. అందరికంటే ఎక్కువగా ఊపింది పరేశ్. అతను ఊపి బాధపడేవాడు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి వృత్తికి సంబంధించినవే. ఒక చట్రానికి రెండు వైపులా గుడ్డ తొడిగేటప్పుడు రెండింటి పడుగూ ఒకే దిశలో ఉండాలి, చిందీ ఎంత మిగిలినా సరే. పని చెడినప్పుడు కోసినవాడు ముందు నోరు విప్పాలి, లేకపోతే తప్పు నేసినవాడి మీద పడుతుంది. నేను రిటైరయ్యేదాకా శాంపిల్ సెక్షన్ కత్తెర మల్లేశం దగ్గరే ఉంది. గుడ్డ కోయాల్సి వస్తే నేను వెళ్లి అడిగేవాణ్ణి. ఎటు కోస్తావో చూపించమని అడిగి, చూశాక ఇచ్చేవాడు.