మంచం కింద పాము

మొన్న పొద్దున మనవరాలి బడి నుంచి కోడలి ఫోనుకి కబురొచ్చింది, క్లాసులో ఒక పిల్లవాడికి చికెన్‌పాక్స్ వచ్చిందని, పిల్లల్ని కొన్నాళ్ళు పంపవద్దని. కోడలు వెంటనే నా గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసింది. పిల్లకింకా ఏమీ రాలేదు, అయినా అది కుర్చీ అవతల నుంచి "తాతయ్యా" అని పిలుస్తుంటే పలకడానికి భయపడ్డాను. పిలుపుకి భయపడడం నాకు కొత్త. భయపెట్టి పిలవడం మాత్రం చిన్నప్పుడే తెలుసు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చికెన్‌పాక్స్ వస్తే అమ్మవారు పోసిందనేవాళ్ళు. రేపల్లెలో మాది లూథరన్ క్రైస్తవుల ఇల్లు, నాన్నగారు ఆ మాట ఇంట్లో అననిచ్చేవారు కాదు, అందుకని మా అమ్మ ఎవరు పోశారో చెప్పకుండా ఉత్తినే "పోసింది" అనేది. పక్కింటి మామ్మ తెచ్చిన వేపమండల్ని మాత్రం నాన్నగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నాకు పోసినప్పుడు పెరటి గదిలో వేపాకు పరిచిన నులకమంచం మీద పడుకోబెట్టి, చెల్లాయిని గడప దాటొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. ఒంటి మంట కంటే ఒంటరిగా ఉండడమే నాకు దుర్భరంగా ఉండేది. ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలుతకడానికి కాలవకి వెళ్ళినప్పుడు, మంచం కింద పాముందని అరిచాను. చెల్లాయి నాకంటే బాగా చిన్నది, చీపురుకట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మంచం కిందకి దూరి వెతికి, ఏమీ లేకపోయినా అమ్మ వచ్చేదాకా వేపమండతో నాకు విసురుతూ కూర్చుంది. కొన్నాళ్ళకి దానికీ పోసింది. నా మచ్చలు మాసిపోయాయి, దాని కనుబొమ మీద మాత్రం చిన్న గుంట ఉండిపోయింది. లోపలికి ఎందుకెళ్ళావని అమ్మ ఎంత అడిగినా అది నా పేరు చెప్పలేదు, నేనూ నోరు విప్పలేదు.

తర్వాత నేను తెనాలిలో పంతులునయ్యాను, అది బాపట్లలో కాపురం పెట్టింది. బీపీ మాత్రలు వేసుకోమంటే నిర్లక్ష్యం చేసి, రెండు కిడ్నీలూ పాడుచేసుకుని నేను డయాలసిస్ మంచమెక్కితే, పిలవకుండానే వచ్చి చెల్లాయి తన కిడ్నీ ఒకటిచ్చింది. దాన్ని ఒళ్ళు పరాయిదనుకుని తరిమేయకుండా, ఒంటి కాపలాని నిద్రపుచ్చే మాత్రలు రోజూ వేసుకోవాలి. కాపలా నిద్రపోతే ఏ వైరస్ అయినా దొంగలా జొరబడుతుంది గనుక, ఒంటిమీద పొక్కు కనపడితే ఆ రోజే రమ్మని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు.

కొన్నేళ్ళకి నడుముకి ఒక పక్క మంట మొదలై, నీటిపొక్కులు వరసగా లేచాయి. చూడగానే తెలిసింది, సర్పి. అది నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మన వైపు అనుకుంటారు. అవన్నీ మూఢనమ్మకాలని బడిలో చెప్పినవాణ్ణి, డాక్టరు దగ్గరికి వెళితే కిడ్నీ పోతుందంటారేమోనన్న భయంతో, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి కొలకలూరు వెళ్ళి సర్పికి వేసే ఎర్రటి జేగురుమట్టి పూత వేయించుకొచ్చాను. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, అద్దంలో ఆ పొక్కులు వెన్ను వైపు ఎంత పాకాయో చూసుకునేవాణ్ణి. పాకుతూనే ఉన్నాయి. చివరికి బనియన్ మీది ఎర్రమరక నెత్తురనుకుని మా ఆవిడ కేకపెట్టింది.

డాక్టరు గారు చొక్కా ఎత్తి చూసి వెంటనే ఆసుపత్రిలో చేరమన్నారు. చిన్నప్పుడు పోసినదే ఇన్నేళ్ళూ నరాల్లో నక్కి ఉండి ఇప్పుడు లేచిందట. ముందే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నారు. ఊపిరితిత్తులకో మెదడుకో పాకితే ప్రాణానికే ముప్పు, పోనీ కాపలాని లేపుదామంటే అది ముందు చెల్లెలి కిడ్నీ మీద పడుతుంది. అయినా ముందు ప్రాణం దక్కాలని ఆ మాత్రలు కొంత తగ్గించారు.

ఆసుపత్రి గదిలో మళ్ళీ ఒంటరినయ్యాను. చిన్నప్పుడు పోసినవాళ్ళే దగ్గరుండాలన్నారు. మా ఆవిడకీ అబ్బాయికీ పోయలేదు, కోడలు అప్పుడు కడుపుతో ఉంది. చెల్లాయికి చెప్పొద్దని బతిమాలాను, మా ఆవిడ వినలేదు. చెల్లాయి బాపట్ల నుంచి వచ్చి రైలు దిగి తిన్నగా ఆసుపత్రికొచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఈసారి నిజంగానే పామా అన్నయ్యా?"

రావద్దన్నాను, అంటుకుంటుందన్నాను.

"ఇంకేం అంటుకుంటుంది? నాకెప్పుడో పోసేసిందిగా, నీ పుణ్యమా అని. కాస్త జరుగు."

పక్కన కూర్చుంది. ఏడుస్తూ, ఆనాటి అబద్ధమూ జేగురు సంగతీ అన్నీ చెప్పేశాను.

"పాము లేదని నాకప్పుడే తెలుసులే."

"మరి చీపురెందుకు తెచ్చావే?"

"అమ్మకి చెప్పుకోడానికి ఏదో ఒకటుండాలిగా. నువ్వేమో పిలిచావాయె."

సెలైన్‌లో మందు ఎక్కుతున్నన్నాళ్ళూ, కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పొద్దున్నే వచ్చేదాకా ఇద్దరం తలుపు వైపే చూస్తుండేవాళ్ళం. ఆ అంకె పెరిగి, పెరిగి, ఒకచోట ఆగింది. తలా తోకా కలవలేదు. కిడ్నీ నిలిచింది గానీ మునుపటంత బలంగా లేదు. ఆ తగ్గినదంతా నేను దాచిన రోజుల ఖరీదు.

ఇప్పుడు పిల్లలకి టీకాలున్నాయి, బడివాళ్ళు ముందే హెచ్చరిస్తున్నారు, కోడలు కుర్చీ అడ్డం పెడుతోంది, అన్నీ మంచివే, నేనూ ఆ పూటే డాక్టరు గారికి ఫోను చేశాను. వద్దన్నా గడప దాటి వచ్చి విసురుతూ కూర్చునే కాలం మాత్రం పోయింది. పోవడమే మంచిదని తెలిసినా ఆ వేపగాలి గుర్తొస్తుంది. మనవరాలు మళ్ళీ పిలిచింది, లోపలేముంది, నేను రానా అని. రమ్మనే మాట నోటిదాకా వచ్చింది. లోపల ఉన్నది నా ఒక్కడి సొత్తు కాదని పొత్తికడుపు మీది కుట్ల మచ్చ తడుముకుని, ఏమీ లేదమ్మా, పామూ లేదు, నువ్వక్కడే ఆడుకో అన్నాను.