ధర్మవరానికి నేను రాసిన కార్డు

పోయిన వారం నేను రాసిన ఒక్క పోస్టుకార్డుకు నలభై ఎద్దులు రెండు దినాలు నడిచినాయప్పా. నవ్వేది తరువాత నవ్వండి. ముందు టీ తాగండి, ఆరిపోతాది. హిందూపురంలో ఈ సంగతి ఒక్కొక్కరు ఒక్కో మాదిరి చెప్పుకుంటాండారంట. అసలు జరిగింది నేను చెప్తా.

నల్లమాడ పక్క పల్లెలో కొత్త చర్చి కడతాండేది మీకు తెలిసిందే. ఒక్క సంఘం చేత అయ్యే పని కాదని మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పంచుకున్నాయి. ఆడ ఉపదేశిగా ఉండి ప్రార్థనలు నడిపే దానయ్యకు, ఆయన భార్య రత్నమ్మకు తిండిగింజలు మన ఆడోళ్ళవి. ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో ఏసి, ఆదివారం చర్చికి తెస్తారు చూడండి, ఆ బియ్యమే. మా ఇంటామె పిడికిలి కొంచెం పెద్దది, ఆ లెక్కన నా ముద్ద కొంచెం చిన్నది. అది వేరే కథలే. దూలాలు, తలుపు కూడా మనవే. గోడలు పెనుకొండోళ్ళవి. వారానికి ఒక ఇంటివాళ్ళు వచ్చి, మట్టి తొక్కి, గోడ లేపి పోయినారు. ధర్మవరం వంతుకు పైకప్పు వచ్చింది. రాతి బండలు రైల్లో వాళ్ళ ఊర్లోనే దిగుతాయి కాబట్టి వాళ్ళకు సుళువు.

కప్పు వాళ్ళ వంతనీ, గది చిన్నది కాబట్టి ఇరవై బండలు చాలనీ మొన్నటి మీటింగులోనే తేల్చినాం. ఆ దినం ధర్మవరం సంఘపెద్ద సామేలప్ప రైలు తప్పిపోయి రాలేదు. "సెక్రెటరీ, నువ్వే ఒక కార్డు రాసెయ్యప్పా" అన్నారు మన పాస్టరు అయ్యగారు. బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి కదా, రాసే పనులన్నీ నా నెత్తినే పడతాయి. నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు.

తొందర ఏమిటికంటే, ఆ జాగా నారాయణమ్మవ్వది. ఆయమ్మ మన సంఘం మనిషి కాదు. వాళ్ళ కోడలికి కాన్పు కష్టమైనప్పుడు రత్నమ్మ పక్కనుండి చూసుకునింది. ఆ మంచికి కళ్ళం పక్క జాగా ఇచ్చింది. నోటిమాటే, కాగితం లేదు. ఇచ్చేటప్పుడే చెప్పింది, మొన్న కాయలు పీకేటప్పుడు మళ్ళా చెప్పింది.

"ఏమప్పా, శెనక్కాయలు ఇంటికొచ్చే టైముకు మీ గుడికి కప్పు పడాల. పడకపోతే ఆ గోడల మధ్య నా కాయలు పోసుకుంటా. ఆదివారం వచ్చి చూస్తా."

ఆయమ్మ మాట అంటే మాటే. ఆ జాగా పోతే దానయ్య మూట కట్టుకొని పల్లె దాటాల్సిందే, ఇంగెవురూ వాళ్ళకు జానెడు చోటు ఇయ్యరు. రత్నమ్మ ఆ భయంతోనే నెలనుంచి సరిగ్గా నిద్ర పోలేదు.

అందుకే కార్డు సూటిగా రాసినా. 'కొత్త గుడికి మీ వంతు ఇరవై బండ్లు. శనివారం పొద్దున్నకంతా పల్లెకు చేరవలెను.' అంతే. నయాపైసలు పెట్టి కొన్న కార్డులో సగం జాగా ఖాళీగా మిగిలింది. తక్కువ మాటల్లో ఎంత బాగా రాసినానా అని రెండు తూర్లు చదువుకొని మరీ డబ్బాలో ఏసినా.

శుక్రవారమే నేను పల్లెకు పోయినా. శనివారం పొద్దున గోడెక్కి చూస్తాంటే దూరంగా దుమ్ము లేసింది. ఆ వెనకే ఎద్దుల మెడల్లో గంటలు. ఒకటి, రెండు, మూడు... లెక్క పెడితే సరిగ్గా ఇరవై. అన్నీ వెదురు తడికెల గూడు బండ్లు.

దానయ్య కింద నిలబడి గొణిగినాడు. "అన్నా, ఇరవై బండలకు ఇరవై బండ్లా?"

"పట్టుచీరలు మడత నలగకుండా పంపే ఊరు దానయ్యా అది. రాయి పగలకుండా బండికొకటి పెట్టుకొని వస్తాండారు" అని చెప్పినా. ఎంత నమ్మకంగా చెప్పినానో తల్చుకుంటే ఇప్పుడు కూడా చెవులు కాలతాయి.

మొదటి బండి గూట్లోనుంచి ముగ్గురు ఆడోళ్ళు, నలుగురు పిల్లోళ్ళు, ఒక సద్దిమూట దిగినాయి. రెండో బండిలో తొంగి చూస్తే వరిగడ్డి. మూడో దాంట్లోనూ గడ్డే. నాలుగో దాంట్లో గడ్డి మీద ఒక ముసలాయన గురక పెడతాండాడు. పదో బండి దాకా చూసి ఇంగ చూడలేదు.

సామేలప్ప కండువాతో మొగం తుడుచుకుంటా వచ్చినాడు. "ఎంత తిరిగినామో తెలుసునా సెక్రెటరీ గారూ. మా సంఘంలో ఉండేవి మూడే బండ్లు. శెనక్కాయల కాలంలో బండి ఎవురిస్తారు చెప్పండి? మగ్గాలోళ్ళను బతిమాలినాం. సాయిబుల వీధిలో మస్తానన్న ఉన్న రెండూ ఇచ్చి, ఒకటి తనే తోలుకొని వచ్చినాడు. గుడి పని అంటే కాదన్లేదు మహానుభావుడు. సరే, ఇరవై అన్నారు, ఇరవై తెచ్చినాం. ఏం తోలాల?"

జేబులోనుంచి నా కార్డు తీసి చూపించినాడు. నా రాతే, గుండ్రంగా ముత్యాల మాదిరి ఉండాది. 'ఇరవై బండ్లు.'

మన నోట్లో బండలు కూడా బండ్లే కదప్పా. 'వాళ్ళింటికి బండ్లు పరిచినారు' అంటాం, ఇంటి మీద ఎవురూ ఎద్దులబండి ఎక్కించినారని అనుకోరు. నోటితో అన్నట్టే చేత్తో రాసేసినా. నా క్లాసులో ఎవడన్నా అట్ల రాస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ రెండు దినాలు నడిచొచ్చిన మనిషి మొగం ముందర పెట్టుకొని, 'మీరు తెచ్చింది కాదప్పా నాకు కావాల్సింది' అని ఎట్ల చెప్పేది? "ముందు ఎద్దులకు నీళ్ళు పెట్టించండి, చెప్తా" అని గోడ వెనక్కు పోయి కూర్చున్నా.

ఆడ రత్నమ్మ పెద్ద డేగిసా పొయ్యి మీద పెడతాంది. వచ్చినోళ్ళకు అన్నం పెట్టాల కదా, నెల దినాల పిడికెడు బియ్యం ఒక్క పూటకే పొయ్యెక్కినాయి. ఆయమ్మకు ఒక్కదానికే నిజం చెప్పినా. కోప్పడలేదు. కొంచేపు గోడలకల్లా చూసింది, ఆ తరువాత బండ్లకల్లా చూసింది.

"అన్నా, ఆ గూళ్ళు ఊడొస్తాయి కదా? దూలాల మీద వరసగా పెట్టి కట్టేస్తే కప్పు కాదా?"

నేను లేసి పంచె దులుపుకొని, చేతులు వెనక్కు కట్టుకొని సామేలప్ప ముందరికి పోయినా. "గూళ్ళు ఊడదీయించండన్నా."

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసినాడు. "గూళ్ళ కోసమా ఇన్ని బండ్లు రమ్మనింది?"

"ఆ" అన్నా. అంత చిన్న అబద్ధం అంతకు ముందెప్పుడూ ఆడలేదు.

సాయంత్రానికి ఇరవై గూళ్ళూ దూలాల మీద కూర్చున్నాయి. మస్తానన్న ముడులు ఏసే పద్ధతి చూస్తే అవి ఇంగ గాలికి కదలవని నాకు ధైర్యం వచ్చింది. ఒక గూడు లోపలి పక్క ఎవురో సినిమా పోస్టరు అంటించి పెట్టుకున్నారు. సరిగ్గా ప్రసంగం చెప్పే చోటుకు పైన పడింది అది. దానయ్య నిచ్చెన ఏసుకొని దానికి సున్నం పూసినాడు. అయినా హీరోయిన్ కన్ను ఒకటి తెలుస్తానే ఉండాది.

ఆదివారం పొద్దున మన అయ్యగారు బస్సు దిగి వచ్చినారు. ఆ వెనకే నారాయణమ్మవ్వ కట్టె ఊనుకుంటా వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొసకు తల పైకెత్తుకొనే నడిచింది. ఒక కడవ నీళ్ళు పైన పోయించింది. రెండు చోట్ల కారింది, ఒక చోట నేనే నిలబడుండా. రత్నమ్మ అవ్వ మొగమే చూస్తాంది.

"కారతాది గానీ కప్పే" అనింది అవ్వ. "ఏం కప్పు ఏయాలని నేను చెప్పలేదు కదా. ఉండండి పోండి. నా కాయలు కళ్ళంలోనే పోసుకుంటా."

రత్నమ్మ ఆడనే కూలబడి ఏడ్చింది. నాకు కూడా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఆడనే ఆ దినానికి అన్నీ ముగిసిపోయుంటే ఎంత బాగుండు.

ఆరాధనలో సామేలప్ప ప్రార్థనకు లేసినాడు. "తండ్రీ, ఇరవై బండ్లు పంపమని కార్డు వచ్చినప్పుడు ఈ సెక్రెటరీకి మతి చెడిందని మేము నవ్వుకున్నాం. మమ్మల్ని క్షమించు. రాతి బండలైతే పగలొచ్చు, రైలు ఆలస్యం కావొచ్చు అని నీ దాసునికి ముందే చూపించి, గూళ్ళు తెప్పించుకున్నావు. నీకు స్తోత్రం."

జనమంతా నా పక్కకు తిరిగినారు. అయ్యగారి మొగం వెలిగిపోతాంది. "లేసి సాక్ష్యం చెప్పప్పా. ఆ కార్డు రాసేటప్పుడు దేవుడు నీతో ఏమన్నాడు?"

లేసినా. నిజం చెప్పేదానికే లేసినా, నమ్మండి. ఎదురుగా రత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని తల దించుకునింది. సామేలప్ప కండ్లు మూసుకొని, చేతులు జోడించుకొని కాచుకోనుండాడు. నా గొంతులోనుంచి వచ్చింది ఒకటే మాట. "ఆమెన్."

అందరికన్నా గట్టిగా అన్నానంట.

గూళ్ళు ఎవురివి వాళ్ళకు తిరిగి ఇయ్యాల కదా, బండల కోసం ధర్మవరానికి ఇంగో కార్డు పోవాల. నిన్న అయ్యగారే కార్డు కొనుక్కొని మా ఇంటికొచ్చి, "ఈసారి ఏం తెప్పించమంటాడో కొంచేపు మోకరించి విని రాయప్పా" అని భక్తిగా నా చేతిలో పెట్టి పోయినారు. దాన్ని మా ఇంటామెకిచ్చి రాయించినా. దేవుడు ఆమెతో ఏమీ మాట్లాడడు గానీ, ఒత్తు యాడ పెట్టగూడదో ఆమెకు బాగా తెలుసు.