సుడి చూసి కొన్న బుగ్గల తుపాకి

మా చిన్నప్పుడు మా నాయన తుపాకిని కూడా ఎద్దును కొన్నట్టే కొన్నాడు... నవ్వకండి, పూర్తిగా వినండి.

వేటకు కాదులెండి. జాతరల్లో బుగ్గలు పేల్చే తుపాకి. బెలూన్లను మేం బుగ్గలనే అంటాం.

మాది పెద్దమందడి దగ్గర పల్లె. ఏటా పంటలు ఇంటికొచ్చాక కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వచ్చి అమ్మను, నాయనను బొంబాయి పనులకు బస్సెక్కించేవాడు. నేను, తమ్ముడు అవ్వ దగ్గర మిగిలేవాళ్లం. బస్సు మలుపు తిరిగేదాకా అమ్మ చెయ్యి ఊపేది... ఆ చెయ్యి కనిపించకుండా పోయాక నాకు అన్నం కూడా సయించేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు అమ్మ మొండికేసింది. "ఈసారి పోను. పిల్లల తాననే ఉంట" అంది. మరి బతుకుదెరువు? జాతరల్లో బుగ్గల దుకాణం పెడదామని నాయనకు తట్టింది. రెండు మేకలు అమ్మిన పైసలు నడుముకు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని తుపాకి వెతుక్కుంటూ బయలుదేరాడు.

ముందు వనపర్తి. దుకాణంలో కొత్త తుపాకి నల్లగా నిగనిగలాడుతోంది... ధర విన్నాక నాయన దాన్ని రెండు చేతులతో మెల్లగా బల్ల మీద పెట్టేసి "మళ్లొస్తం సేటు" అన్నాడు. ఆ "మళ్లొస్తం"కు అర్థం సేటుకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక గద్వాల. అక్కడ ఒక ముసలాయన బుగ్గల దుకాణం ఎత్తేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఆయన దగ్గర పాత తుపాకులు రెండున్నాయి. ధర మా చేతికందేదే.

తుపాకుల సంగతి మా నాయనకేం తెలుసు? తెలిసిందల్లా ఎడ్ల సంత. మొదటి తుపాకి వెనక కర్రను నిమిరాడు, వేలితో కొట్టి చూశాడు, భుజాన వేసుకుని వాకిట్లో నాలుగడుగులు నడిచాడు... ఉన్నట్టుండి ముఖం మాడ్చుకున్నాడు. ఆ కర్రలో ఎద్దు ఒంటి మీది సుడిలాగా గుండ్రంగా తిరిగిన ముడి ఒకటి కనిపించింది.

"తాతా, దీని సుడి మంచిగ లేదు. వద్దు."

ముసలాయన నోరు తెరిచాడు. "అది సూటిగ కొడ్తది బిడ్డా! ఆ రెండోదే జర కుడికి గుంజుతది."

"కుడికి గుంజే ఎడ్లను ఎన్నిటిని దారికి తేలేదు నేను!" అన్నాడు నాయన.

అంతటితో ఆగాడా? భుజం మీది తువ్వాల తీసి ముసలాయన చేతి మీద కప్పి, ఎడ్ల సంతలో లాగా లోపల వేళ్లు నొక్కి ధర తెలుపుతూ బేరం మొదలుపెట్టాడు! ఆయనకు చక్కిలిగింతలు పుట్టాయి. "ఏందయ్యా ఇది, నోటితోని చెప్పరాదా!" అంటూ ఒకటే నవ్వు... ఆ నవ్వుల్లోనే రెండోదాని ధర కొంచెం దిగింది.

ఇంటికి రాగానే అమ్మ ఒక్క మాటే అడిగింది. "పేల్చి చూసినవా?"

నాయన తువ్వాల దులుపుకుంటూ దొడ్లోకి పోయాడు.

కోడేరు వైపు ఒక ఊళ్లో జాతర. రెండు బొంగులు పాతి, అవ్వ కుట్టిన బొంతను తెరలా కట్టాం. నేను, తమ్ముడు దవడలు నొప్పి పుట్టేదాకా బుగ్గలు ఊదాం. వాటిని నాయన మిరప నారు నాటినట్టు ఎడం ఎడంగా వరుసల్లో గుచ్చాడు. చూడముచ్చటగా ఉంది... కానీ ఎవరు కొట్టినా ఒక్కటీ పేలదే! గుండు కుడిపక్కకు పోయి బొంతకు తగులుతోంది.

"పెద్దయ్యా, నీ తుపాకికి మెల్లకన్నున్నదే" అని ఎగతాళి చేస్తూ కుర్రాళ్లు పక్క దుకాణానికి పోయారు.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు, చెరుకు ముక్క నములుతూ. "గిట్లయితే ఎట్లనే అన్నా? ఎల్లుండే బస్సు. మీ ఇద్దరి పేర్లు రాసుకోనా?"

నాయన తలదించుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మ ముందుకొచ్చింది. తుపాకి తీసుకుని ఒక దెబ్బ కొట్టింది. గుండు ఎంత పక్కకు పోయిందో చూసింది. బుగ్గలన్నీ పీకి, సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి గుచ్చింది. ఎర్రదాని కుడిపక్కన నీలిది, దాని పక్కన మళ్లీ ఎర్రది... తర్వాత గొంతెత్తింది.

"రాండ్రి, రాండ్రి! గిసుంటి తుపాకి ఏడ దొరకదు! ఎర్రదానికి గురి పెడ్తే నీలిది పేల్తది!"

ఇంకేముంది, జనం గుమిగూడారు. ఒకరు ఎర్రదానికి పెట్టారు, నీలిది ఢాం! ఇంకొకరు నీలిదానికి పెట్టారు, ఎర్రది ఢాం! కొట్టినవాళ్లూ నవ్వారు, చూసేవాళ్లూ నవ్వారు. మేస్త్రీకి పంతం పెరిగింది. "నేను కొట్టి సూపిస్త" అని చెరుకు ముక్క పారేసి తుపాకి పట్టాడు. ఎంత కొట్టినా తను అనుకున్నది మాత్రం పేలదు.

"మేస్త్రీ, పేర్లు రాసుకుంటనంటివి?" అంది అమ్మ.

"పేర్లెందుకు వదినా... ముందుగాల ఇంకో ఆరు గుండ్లియ్యి!"

ఆ జాతర నుంచి ఇంకో జాతర, అక్కడి నుంచి మరోటి... ఆ ఏడు బొంబాయి బస్సు మా ఇంటి ముందు ఆగలేదు. బడి నుంచి వచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉండేది. అంతకంటే నాకేం కావాలి?

మొన్న వనపర్తిలో ఎగ్జిబిషన్ పెడితే మా పాపను తీసుకుపోయాను. అక్కడి బుగ్గల దుకాణంలో కొత్త తుపాకి, సూటిగా కొట్టేది. ఎర్ర బుగ్గకు గురి పెట్టి, అలవాటు చొప్పున చెయ్యి జర ఎడమకు జరిపాను... తప్పిపోయింది. మా పాప ఒకటే వెక్కిరింపు.

ఇంటికొచ్చి చెబితే నాయన మంచం మీది నుంచి లేచి కూర్చుని, ఎంతో సీరియస్‌గా అడిగాడు. "సుడి చూసినవా బిడ్డా?"

ఇప్పుడు తుపాకులన్నీ సూటిగానే కొడుతున్నాయి... గురి తప్పినందుకు కడుపుబ్బా నవ్వుకునే ఆ జనమే కనిపించడం లేదు. మీ ఊరి జాతరలో మీరు దేనికి గురి పెట్టారు... ఏది పేలింది? చెప్పండి, మా నాయనకు చదివి వినిపిస్తాను.