వేములవాడల ఒక్క రూమ్ కావాలె

మొన్న శివరాత్రికి ముందురోజు నా గతి ఏమైందో చెప్త, ఇనుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని చాయ్ మాత్రం మీరే తాపాలె. సొంత ఊరు, సొంత ఇల్లు, గుడికి కూతవేటు దూరం. అసొంటి నేను పడుకునే జాగ కోసం లాడ్జీలెంబడి తిరిగిన! లాడ్జాయన నన్ను ఆధార్ కార్డు గూడ అడిగిండు!

జాతరంటె మా వేములవాడ ఎట్లుంటదో మీకు చెప్పేదేమున్నది. లాడ్జీలు, సత్రాలు, బడి వరండాలు, ఆఖరికి దుకాణాల ముంగటి అరుగులు గూడ నిండుతయి. అసొంటప్పుడు మా ఊర్ల చుట్టం ఉన్నోడు అదృష్టవంతుడు. ఆ చుట్టం సంగతి ఎవ్వలు అడగరు.

ఇగ నా సంగతి. నేను బస్సు కండక్టర్ని, జమ్మికుంట రూట్. నాకు టికెట్ కొట్టుడు కంటె ముచ్చట వెట్టుడు ఇష్టం. ఏడాదంత బస్సెక్కినోళ్లకు ఒక్కటే మాట చెప్త. "శివరాత్రికి రాండ్రి. రూమ్ ఎందుకు, మా ఇల్లు లేదా? గుడి ఎన్కనే!" మాటకు పైసలు పోవు కదా, ఎవలొస్తరులే అనుకున్న. వచ్చిండ్రు. పోయిన ఏడాది ఎంతమంది వచ్చిండ్రంటె, నేను, మా ఆమె లావణ్య మెట్ల మీద కూసొని తెల్లారగొట్టినం.

లావణ్య దవాఖానల నర్సు. జాతరల మెడికల్ క్యాంపు డ్యూటీ పడుతది. అందుకే ఈసారి ముందుగాలనే నన్ను కూసోవెట్టింది.

"ఇగ సూడు. రేపు జాగారం. రాత్రంత నేను క్యాంపుల నిలవడాలె. ఇయ్యాల రాత్రన్న నాకు నిద్ర గావాలె. ముంగటి అర్ర ఎవలకన్న ఇచ్చుకో, డాబ ఇచ్చుకో, వంటింట్ల పండవెట్టుకో, నేనేమనను. నడిమి అర్ర మాత్రం నాది. మాటియ్యి."

"గింత దానికి మాటెందుకే. నీదే పో."

"చేతుల చెయ్యేసి చెప్పు."

వేసిన. ఆమె నడిమి అర్రకు తాళం వేసింది. తాళంచెవి మందారం కుండీ కింద వెట్టి క్యాంపుకు పోయింది. నా చేతికి ఎందుకియ్యలేదో సమజైంది, అందుకే అడగలే.

నేను డ్యూటీకి బయలెల్లకముందే ఆసిఫాబాద్ నుంచి ఒక టీచర్ సారు, వాళ్ల ఇంటోళ్లు దిగిండ్రు. ముంగటి అర్ర ఇచ్చిన. హుజూరాబాద్ నుంచి ఇంకో కుటుంబం. వాళ్లకు వంటిల్లు. డాబ ఇంక ఖాళీగనే ఉన్నది, లావణ్య అర్రకు తాళం ఉన్నది. ఈసారి మంచిగ మేనేజ్ చేసినర అనుకుంట బస్సెక్కిన.

పగటీలి కరీంనగర్ బస్టాండ్ల ఫోన్ మోగింది. సమ్మయ్య. జమ్మికుంట మార్కెట్ యార్డుల పత్తి కాంటా వేస్తడు, నా బస్సుల రోజూ వచ్చే మనిషి.

"అన్నా, మా ఆడోళ్లను తోల్కొని మీ వేములవాడకు వచ్చిన. మా అవ్వ గూడ ఉన్నది. ఏ లాడ్జికి పోయినా రూమ్ లేదంటున్నరు. ఎండల కూసున్నరన్నా!"

నేనేమనాలె? "ఇల్లు నిండింది సమ్మయ్యా" అనాలె. ఎంత అల్కటి మాట! పోనీ, "డాబ ఉన్నది, జర సర్దుకోండ్రి" అనాలె. ముసలామెను డాబ ఎక్కమంటె బాగుంటదా అని మనసు పీకింది. నోరు తెరిచిన. ఇగ నోట్ల నుంచి వచ్చిందేందంటె...

"ఫికర్ చెయ్యకు తమ్మీ, మా ఇల్లు లేదా? మందారం కుండీ కింద తాళంచెవి ఉన్నది. నడిమి అర్ర తీస్కోండ్రి!"

ఫోన్ జేబుల పెట్టినంక మా డ్రైవర్ నన్ను చూసి, "ఏందన్నా, గంత పరేషాన్ అయినవ్?" అన్నడు. ఏం చెప్పాలె? నిజం చెప్తున్న, నాకు భయమైంది. లావణ్య కోపానికి కాదు. కోపమొస్తె ఆమె తిడుతది, అయిపోతది. పోయిన ఏడాది మెట్ల మీద కూసొని కునికిపాట్లు పడ్డ ఆమె మొకం గుర్తొచ్చింది.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోలే. లావణ్య క్యాంపు నుంచి వచ్చేలోపల ఏదన్న లాడ్జిల ఒక్క రూమ్ పట్టాలె. "నీ కోసమే ఏసీ రూమ్ బుక్ చేసిన, ఆరాంగ పండుకో" అని చెప్పాలె. ప్లాన్ మంచిదే. రూమే లేదు!

మొదటి లాడ్జిల కౌంటరాయన "రూమా? ఇయ్యాలనా?" అని పక్కాయనకు నన్ను చూపెట్టి నవ్విండు. రెండోదాంట్ల మెట్ల మీద గూడ మనుషులే పండుకున్నరు. ఆ తర్వాతిదాంట్ల నేను అడగకముందే చెయ్యి ఊపిండ్రు. ఆఖరికి మా గల్లీ మలుపు కాడున్న చిన్న లాడ్జికి పోయిన. దాని మేనేజర్ రియాజ్ భాయ్. తల ఎత్తకుంటనే "ఆధార్" అన్నడు. ఇచ్చిన. అడ్రస్ చదివిండు. మల్లొక్కసారి చదివిండు. అప్పుడు తల ఎత్తిండు.

"అరే, కండక్టర్ సాబ్! మీ ఇల్లు మా ఎన్క గల్లీనే కదా. క్యా హువా? ఇంట్ల లడాయా?"

"లడాయి ఇంక కాలే భాయ్. కావద్దనే వచ్చిన."

సంగతంత చెప్పిన. ఇంటున్న కొద్ది ఆయన మొకం అదో తీరుగ అయింది. పెన్ను మూత తీసుడు, పెట్టుడు.

"బురా మత్ మానో భయ్యా, ఏమనుకోకు. పొద్దటి సంది రూమ్ దొరకనోళ్లందరికి నేనే చెప్తున్న. కండక్టర్ సాబ్ ఇంటికి పోండ్రి, ఆయన ఎవ్వల్ని కాదనడు అని."

వారెవ్వా! నా ఇంటికి నాకు తెల్వకుంట బుకింగ్ కౌంటర్ నడుస్తున్నది! ఆయన్ని ఏమంట? ఆయన చెప్పిన దాంట్ల అబద్ధం లేదాయె.

"రూమ్ అయితే లేదు. గివి తీస్కపో" అని పాపం ఒక చెద్దరు, తల కిందికి ఒక మెత్త చేతుల వెట్టిండు. చంకల పెట్టుకొని ఇంటికి నడిచిన.

వాకిట్ల చెప్పులు చూస్తె జాతరంత మా ఇంట్లనే ఉన్నట్టున్నది. అండ్ల లావణ్య చెప్పులు గూడ ఉన్నయ్! మెల్లగ లోపలికి పోయిన. నడిమి అర్ర దర్వాజల ఒక అవ్వ కాళ్లు జాపుకొని కూసున్నది. సమ్మయ్య వాళ్ల అవ్వ కావచ్చు. సమ్మయ్య ఆడోళ్లను దింపి దర్శనం లైన్ల నిలవడనీకి పోయినట్టున్నడు, కనవడలే. అవ్వ ఎన్క నుంచి తొంగి చూసిన. నడుమ చాప మీద లావణ్య పండుకున్నది. ఒకామె ఆమె కాళ్లు ఒత్తుతున్నది! నాకు పానం లేసొచ్చింది. లోపలికి అడుగు వెయ్యబోయిన.

"ఆగు! ఎవలు నువ్వు? లోపట ఆడోళ్లు పండుకున్నరు."

"నేనే అవ్వా. ఈ ఇల్లు నాదే."

"వచ్చినోడల్ల గదే అంటుండు. ఇప్పుడే ఒకడు ఇంటి ఓనరు తమ్మున్నన్నడు."

"అట్ల కాదవ్వా, నిజంగ నేనే ఓనర్ని."

అవ్వ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. చంకల ఉన్న చెద్దరు చూసింది, మెత్త చూసింది.

"ఇల్లున్నోడు ఎవడన్న ఇల్లంత ఊరోళ్లకిచ్చి, మెత్త చంకల వెట్టుకొని జాగ కోసం తిరుగుతడా కొడుకా? గసొంటి పిచ్చోడు ఏడన్న ఉంటడా?"

"లోపట మా ఆమె ఉన్నది, ఆమెనే అడుగు" అన్న.

అవ్వ లోపలికి తిరిగింది. "బిడ్డా లావణ్యా, ఎవలో నీ పెనిమిటినంటుండు. జర సూడు."

లావణ్య లేవలే. కండ్లు గూడ తెరవలే.

"కాదవ్వా. మా ఆయన ఈ అర్ర నాకే అని చేతుల చెయ్యేసి మాటిచ్చిండు. గీయన ఎవలో మరి. డాబ మీదికి పొమ్మను."

పోయిన. డాబ మీద ఒక్కలు గూడ ఎర్కున్న మొకం కాదు, అంత రియాజ్ భాయ్ పంపిన బ్యాచే. గోడ పక్కకు పండుకున్న ఒకాయన జర జరిగి జాగిచ్చిండు. పాపం, నా మొకం చూసి జాలేసినట్టున్నది.

"అన్నా, నువ్వు గూడ ఈ ఇంటి ఓనర్ని నమ్మి వచ్చినవా?"

"లేదన్నా" అన్న, మెత్త సర్దుకుంట. "నమ్మింది మా ఆమె."