పెద్దులు తవ్విన గుంట

కూలీల ముఠా కొండ కింద పనికి దిగేముందు పెద్దులు ఒక్కడే గడ్డపార పట్టుకుని పైకి పోయేవాడు. వదులైన రాళ్లను పెకిలించి దొర్లించేవాడు. ఆయన దిగివచ్చి బీడీ ముట్టిస్తేనే కింద పని మొదలు. మస్కట్ నుంచి లోపలి కొండల్లోకి కంపెనీ రోడ్డు వేస్తున్న రోజులవి, డెబ్బయ్యారో డెబ్బయ్యేడో. పెద్దులు జగిత్యాల వైపు రాతి క్వారీల్లో పెరిగినవాడు.

ఆ చలికాలం వాన పట్టుకుంటే వదల్లేదు. కొండవాగు పొంగి క్యాంపు దారిని కోసేసింది. వాన వెలిసి ఎండ కాసిన పూట, కూలీ దేవయ్యకు కడుపులో కుడిపక్క నొప్పి లేచింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతూ ముడుచుకుపోయాడు. కంపెనీ లారీ తెగిన దారికి అవతల ఉంది. మధ్యలో ఒక రాళ్లవాలు. అది దాటితే ఆస్పత్రికి పోవచ్చు.

దేవయ్య అన్న పోచన్న తమ్ముణ్ణి మడతమంచం మీద పడుకోబెట్టి వాలు దాకా మోయించుకొచ్చాడు. గడ్డపారతో ఒక బండను కొట్టాడు. ఖంగుమంది. పెద్దులు వైపు తిరిగాడు.

"ఇన్నవా మామా? మన క్వారీ రాయి లెక్కనే మోగుతున్నది. నడువు!"

ఊళ్లో ఏ బండ కిందికి పోవాలన్నా వాళ్లు చేసేది అదే. కొట్టి, విని, పోవడం. పెద్దులు నేర్చిందీ అదే. కానీ ఆయన వాలు అంచున కూర్చుని చేతులతో రాళ్లు తీయసాగాడు.

"నా తమ్ముడు సస్తుంటే నువ్వు బాయి తవ్వుతున్నవా!"

"ఒర్రకు. రాయి మంచిదే. దేని మీద కూసున్నదో సూడనీ."

పైన రాళ్లు ఎండే ఉన్నాయి. మోచెయ్యి లోతుకు తడి తగిలింది. దాని కింద పచ్చటి మట్టి, సబ్బులా ఉంది. దాని మీద ఓ రాయి పెట్టి వేలితో ముట్టాడో లేదో, జర్రున జారింది.

"ఎండకు పైపైన ఆరింది, గంతే. మంచం మోసుకుంట అందరం ఎక్కితే, దుప్పటి గుంజినట్టు మొత్తం వాగుల పడుతది."

"మరెట్లనే?"

పెద్దులు పైకి చూపించాడు. వాలు నెత్తిన, కొండలోంచే పుట్టిన నల్లటి రాతివెన్ను అవతలిదాకా ఉంది. మేకల దారి. అక్కడ మంచం పట్టదు. పోచన్న తమ్ముడి వైపు చూశాడు. అంత ఎక్కేదాకా తమ్ముడు నిలుస్తాడా? కానీ ఈ మనిషి చూసివచ్చిన కొండ కింద తను ఎన్నో దినాలు నిలబడ్డాడు. ఏనాడూ నెత్తిన రాయి పడలేదు. మంచం మీంచి తమ్ముణ్ణి లేపాడు.

పెద్దులు దేవయ్యను వీపున వేసుకుని తువ్వాలతో బిగించి కట్టుకున్నాడు. "ఒకడు దాటినంకనే ఇంకొకడు. దాటెటోని మీదికెల్లి సూపు తియ్యొద్దు."

"మామా, నీ వీపు కంటే ఆ బండలే మెత్తగున్నయ్," అని మూలిగాడు దేవయ్య.

"నోరు లేస్తున్నదంటే బతుకుతవ్‌లే."

రాతివెన్ను మీద పాకుతూ దాటి లారీ దగ్గరికి చేరేసరికి పెద్దులు మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది. పోచన్న వెనక్కి చూశాడు. వాలు మీద ఒక్క రాయి కదల్లేదు.

ఆస్పత్రిలో ఆపరేషన్ అయ్యాక నర్సు లీలాకుమారి, భీమవరం వైపు అమ్మాయి, బయటికొచ్చింది. "పేగు పగలకముందే తెచ్చారండి. గండం గడిచింది."

పోచన్న కళ్లు తుడుచుకుని, "ఆ వాలు పడనే లేదు గదా మామా. దాని మీదికెల్లే పోయినా దాటుదుము గావచ్చు," అన్నాడు.

"గావచ్చు," అన్నాడు పెద్దులు, కోపం లేకుండా. నర్సు వైపు తిరిగి, "బిడ్డా, వానికి జావ తాపియ్యొచ్చా?" అని అడిగాడు.

"ఇప్పుడే కాదండి. రేపు చూద్దాం."

"అట్లనే," అని గోడకు చేరబడి కూర్చున్నాడు.