సాంచె ఆపిన రోజు

ఇది అప్పుడే రాసి ఉండాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై ఏడో ఏట, మహిళా సంఘం వాళ్ళు మా వాడలో పెట్టిన సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. సంతకం వచ్చాక వాక్యం కుదరడానికి ఇంకో ఏడాది పట్టింది.

మా బిడ్డ విమానం నడుపుతుంది. సర్కారు సాయంతో చదివింది. ఒకసారి వరుసగా నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి విమానాలు నడిపి, హైదరాబాదు నుంచి వరంగల్ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఎక్కాలి. ఆలోపు కంటినిండా నిద్రపోవాలి. అదొక్కటే పని.

అన్నం పెట్టి, లోపలి గదిలో పక్క వేశాను. ముందుగదిలో మా ఆయన సాంచె, అంటే కరెంటు మగ్గం, నడుస్తోంది. దాని చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. ఆపమన్నాను. గొణుక్కుంటూ ఆపాడు. చూడవచ్చిన చుట్టాలను గడపలోనుంచే పంపించాను.

"పైలెట్ అయినంక మొకం గూడ దాస్తాన్రా?" అంది మా వదిన.

పావుగంట కాలేదు, బిడ్డ లేచి వచ్చింది.

"పోగు తెగిందా బాపూ?"

అప్పుడు అర్థమైంది. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకుంది. అది ఆగిందంటే మా ఇంట్లో ఎవరో ఒకరు లేవాల్సిందే. సాంచె మళ్ళీ వేయించాను. తలకు నూనె రాశాను. నిద్ర మాత్రం పోయింది. తొంగిచూసిన ప్రతిసారీ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నేను చూస్తున్నాననే రాలేదేమో కూడా.

అలసిపోయానని ఆఫీసుకు చెప్పేయరాదా అన్నాను. చెప్పొచ్చట, దానికో ఫారం ఉందట. పోయిన నెల చెప్పింది కూడా. వాళ్ళు ఏమీ అనలేదు గానీ, రెస్టు పూర్తిగా ఇచ్చాం కదా, ఇంట్లో ఉండి ఎందుకు పడుకోలేదని అడిగారట.

"గంటలు వాళ్ళిస్తరే అమ్మా. నిద్ర ఎవరిస్తరు?"

"మరి రేపు?"

"ఇప్పుడే ఏం చెప్ప. కండ్లు తేటగ లేకుంటే పోను."

అంతమందిని ఎక్కించుకుని పోయే మనిషికి, బస్సు బోర్డు చదవడం రాని నేను ఇంకేం చెప్పను?

మర్నాడు పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు పోవడానికి కారు వచ్చింది. నేనూ ఎక్కి కూర్చున్నాను. హైదరాబాదు రింగు రోడ్డు దగ్గర లేపమని, పోయేదీ లేనిదీ అప్పుడు చెప్తానని నా ఒళ్ళో తల పెట్టింది. స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికి నిద్రపోయింది. హారన్ కొట్టొద్దని డ్రైవరుకు సైగ చేశాను.

రింగు రోడ్డు కాడ పక్కకు ఆపించి కాసేపు అలాగే కూర్చున్నాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రాకరాక వచ్చిన నిద్ర. లేపకపోతే ఉద్యోగంలో మాట పడాలి. నేనే లేపాను.

కళ్ళు తెరిచి కాసేపు ఎక్కడుందో తెలియనట్టు చూసింది. తర్వాత ఫోను తీసి, ఈ రోజు నడపలేనని చెప్పింది. అవతల ఏమడుగుతున్నారో నాకు వినపడలేదు.

"రాత్రంతా ఇంట్లోనే ఉన్నాను సార్," అంటోంది.

నేను వంగి, సీటు కిందికి పోయిన బూట్లు వెతికి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.